మూడు రోజుల మట్టి

గేటు పక్కన చెక్కలతో కట్టిన చిన్న మంచె ఒకటి ఉండేది, నాలుగు మెట్లది. టిప్పర్ వచ్చి ఆగగానే ముక్కు మేస్త్రి ఆ మెట్లెక్కి బండిలోకి వంగేవాడు. పైన కనిపించే మట్టిని ఆయన ముట్టుకునేవాడు కాదు. పైమట్టి ఎప్పుడూ మంచిగానే కనిపిస్తుంది, చుట్టాలింటికి వచ్చిన మొదటిరోజు మనిషిలాగా. మోచేతి దాకా చెయ్యి దూర్చి లోపలి నుంచి గుప్పెడు తీసేవాడు.

ముందు కంటితో చూసేవాడు, ఇటుక ముక్కలూ వేళ్ళూ ప్లాస్టిక్కూ ఉన్నాయేమోనని. తరవాత సీసాలోంచి రెండు చుక్కల నీళ్ళు పోసి అరచేతుల మధ్య తాడులా పేనేవాడు. తాడు సన్నగా సాగి సాగి తెగకపోతే అది బంకమట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి పగులుతుంది, దాని మీద కట్టిన గోడ నిలవదు. అలాంటి బండి వెనక్కి. తాడు అసలే రాకపోతే ఇసుక ఎక్కువ, అది రోడ్డు వేసే వైపుకి. ఇవన్నీ అయ్యాక కళ్ళు మూసుకుని, గుప్పెట ముక్కు దగ్గర పెట్టుకుని, నింపాదిగా రెండు ఊపిర్లు పీల్చేవాడు. డీజిల్, పాడైన ఇంజనాయిలు, మురుగు, కుళ్ళిన చెత్త, ఏదున్నా రెండో ఊపిరికి దొరికిపోయేది. ముప్పై ఏళ్ళుగా అదే పని. అందుకే ఆయన్ని అందరూ ముక్కు మేస్త్రి అనేవాళ్ళు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా లేదు.

ఆ స్థలం పాత గోదాములు పడగొట్టిన చోటు. రోడ్డు కన్నా నాలుగడుగుల పల్లం. దాన్ని పూడ్చి ఎత్తు చేసి, మీద రెండు ఇళ్ళ బ్లాకులూ, ఓ వరస దుకాణాలూ, తూర్పు మూల పసిపిల్లల బడీ కట్టాలని ప్లాను. ఊళ్ళో ఎక్కడో ఒకచోట పెద్ద బిల్డింగుకి సెల్లార్ తవ్వుతూనే ఉంటారు. వాళ్ళకి మట్టి వదిలితే చాలు, వీళ్ళకి మట్టి దొరికితే చాలు. "వాళ్ళ గొయ్యి పెద్దదైతే గానీ మన గొయ్యి పూడదు" అని మేస్త్రి నవ్వేవాడు.

పని మాత్రం నవ్వులాట కాదు. స్థలమంతా సున్నంతో గళ్ళు గీసి, మూలల్లో మేకులు పాతారు. వరసలకి అక్షరాలు, గళ్ళకి అంకెలు. ప్రతి లోడుకీ ఒక చీటీ. ఏ గోతి నుంచి వచ్చింది, ఏ గడిలో పోశారు, అన్నీ దాని మీద ఉండాలి. జానెడు మందం పరిచి, నీళ్ళు చల్లి, రోలర్ తొక్కించి, గట్టిపడిందని చూసుకున్నాకే దాని మీద ఇంకో పొర. మట్టి ఇచ్చే ప్రతి గోతినీ ముందే పరీక్ష చేయించేవాళ్ళు. ఆ తరవాత యాభై లోడ్లకి ఒకసారి సంచిలో నమూనా ల్యాబుకి పోయేది. రిపోర్టు రావడానికి వారం పట్టేది. ఆ వారం లోపల వచ్చిన బళ్ళకి పూచీ ఎవరయ్యా అంటే, మేస్త్రి ముక్కే.

నెల క్రితం ఇంజనీరమ్మ ఒక మాట అంది. ఆవిడకి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మాట తక్కువ, పెన్ను ఎక్కువ.

"మేస్త్రిగారూ, మట్టిలో నూనె ఉంటే పట్టుకునే మీటర్ వస్తోందిట. ఒకటి తెప్పిద్దామా?"

"ఎందుకమ్మా? నా ముక్కుకి చార్జింగ్ పెట్టక్కర్లేదు" అన్నాడు మేస్త్రి.

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ఆవిడ కూడా నవ్వి, చేతిలో కాగితం మళ్ళీ ఫైల్లో పెట్టేసింది. ఆ నవ్వే తరవాత ఆయన మెడకి చుట్టుకుంది.

*

ఒక సోమవారం పొద్దున మేస్త్రి వంటింట్లో స్టవ్ పక్కనే పీట వేసుకుని కూర్చుని చెప్పులకి మేకు కొట్టుకుంటున్నాడు. ముందురోజు నుంచీ జలుబు. వాళ్ళావిడ దొడ్లో బట్టలారేసి వచ్చి గుమ్మంలోనే కెవ్వుమంది.

"ఏమయ్యా! పక్కనే కూర్చుని పాలు మాడిపోతుంటే చోద్యం చూస్తున్నావా?"

"మాడాయా?"

"మాడాయా అని నన్నడుగుతావేంటి? గిన్నె బొగ్గయింది. ఎదురింటావిడ కిటికీలోంచి కేకేస్తోంది, వాసనేంటని!"

మేస్త్రి గిన్నె వంక చూశాడు. నల్లగా పొగ లేస్తోంది. గట్టిగా పీల్చాడు. గాలి వచ్చింది, వాసన రాలేదు.

వాళ్ళావిడకి అనుమానమొచ్చింది. ఉల్లిపాయ కోసి ముక్కు కింద పెట్టింది. కళ్ళల్లో నీళ్ళు కారాయి గానీ వాసన లేదు. కిరసనాయిలు సీసా మూత తీసి పెట్టింది. నీళ్ళ సీసా పెట్టినట్టే ఉంది.

"ఇవాళ పనికి పోకు" అంది.

"జలుబుకి ఎవరైనా సెలవు పెడతారా?"

"జలుబు నీకైతే వెళ్ళమనేదాన్ని. వచ్చింది నీ ముక్కుకి. పోనీ వెళ్ళి, ఆ ఇంజనీరమ్మకి చెప్పు. వాసన తెలియట్లేదు, రెండు మూడు రోజులు ఇంకెవరినైనా చూసుకోమను."

"చెప్తాలే."

"చెప్తాలే అంటే చెప్పవని అర్థం. ముప్పై ఏళ్ళ నుంచి వింటున్నాను."

మేస్త్రి నిజంగానే చెబుదామనుకుని బయల్దేరాడు. బస్సు దిగేదాకా ఆ మాట నోట్లోనే ఉంది. గేటు దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది బళ్ళు వరసలో ఉన్నాయి. ఇంజనీరమ్మ ఎవరితోనో ఫోన్లో గట్టిగా మాట్లాడుతోంది. మేస్త్రిని చూసి, హమ్మయ్య అన్నట్టు చెయ్యి ఊపింది. చార్జింగ్ మాట గుర్తొచ్చింది ఆయనకి. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. మెట్లెక్కాడు.

కన్ను పనిచేస్తోంది. చెయ్యి పనిచేస్తోంది. మూడోదానికి వచ్చేసరికి కళ్ళు మూసుకుని, గుప్పెట ముక్కు దగ్గర పెట్టుకుని, మనసులో అంకెలు లెక్కపెట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తల ఊపాడు. బండి లోపలికి పోయింది. ఎవరికీ ఏమీ తెలియలేదు. పరీక్ష చేసిన గోతుల మట్టే కదా, ఏముంటుంది అని తనకి తను చెప్పుకున్నాడు. అలా ఆ రోజు ఇరవై రెండు బళ్ళు పోయాయి.

మంగళవారం మధ్యాహ్నం దాకా ఒక్క బండిని కూడా తిప్పి పంపలేదు. మామూలుగా రోజుకి ఒకటో రెండో పోతాయి. హారన్ అనే డ్రైవరొకడున్నాడు, సందు మలుపు నుంచే మోగించుకుంటూ వస్తాడని ఆ పేరు. వాడు కిటికీలోంచి తల పెట్టి అన్నాడు:

"ఏంటి మేస్త్రీ, రెండు రోజుల్నుంచి అందరికీ పచ్చజెండాయేనా? ముక్కు రిటైరయిందా ఏంటి?"

వరసలో వాళ్ళు నవ్వారు. వాడికి ఏ ఉద్దేశమూ లేదు, నోరు ఊరుకోక అన్నాడు. మేస్త్రికి మాత్రం ఒళ్ళంతా చెమట పట్టింది. ఆ వెనకాలే వచ్చింది తుడుపు అనే డ్రైవరు బండి. ఆ డ్రైవరు పెద్దమనిషి, ఎప్పుడు చూసినా గుడ్డతో అద్దం తుడుచుకుంటూ ఉంటాడు, ఒకరి జోలికి పోడు. మేస్త్రి మెట్లెక్కాడు, చెయ్యి దూర్చాడు, పేనాడు. చక్కటి మట్టి. గుప్పెట ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాలుగు లెక్కపెట్టాడు. అయిదు, ఆరు కూడా లెక్కపెట్టాడు.

"వెనక్కి" అన్నాడు.

తుడుపు చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఏం వాసనొచ్చింది మేస్త్రిగారూ?"

"డీజిల్."

"లోడ్ చేస్తున్నంతసేపూ నేను పక్కనే ఉన్నానే! నాకేం రాలేదు."

"నీ ముక్కూ నా ముక్కూ ఒకటేనా?"

తుడుపు గుడ్డ పక్కన పడేశాడు. బండి వెనక్కి తిప్పుకుని పోయాడు. హారన్ నోరు మూసుకున్నాడు. దూరం నుంచి చూసిన ఇంజనీరమ్మ పక్కనున్న కుర్రాయనతో "చూశావా, అదీ మేస్త్రిగారంటే" అంది. ఆ మాట మేస్త్రి చెవిన పడింది. ఆ మధ్యాహ్నం డబ్బా మూత తీసి, రెండు ముద్దలు తిని, మళ్ళీ మూత పెట్టేశాడు.

బుధవారం ఇరవై బళ్ళు. మూడు రోజులకి, తిప్పి పంపింది తీసేస్తే, అరవై మూడు లోడ్లు. అన్నీ తూర్పు మూల ట వరసలోనే, పదమూడు గళ్ళలో.

*

గురువారం పొద్దున తువ్వాలుతో మొహం తుడుచుకుంటుంటే సబ్బు వాసన వచ్చింది. మేస్త్రి తువ్వాలు మొహానికి అదుముకుని అలాగే నిలబడ్డాడు. బస్సులో ముందు సీట్లో మనిషి తలనూనె, కండక్టర్ చేతి చిల్లర, తడిసిన సీటు, అన్నీ ఒక్కోటీ తిరిగి వచ్చాయి. పోయిన మనుషులు తిరిగొచ్చినంత సంతోషమేసింది. ఆ సంతోషం సైటు గేటు దాకానే.

ట వరసలో అప్పుడే ట్యాంకరు నీళ్ళు చల్లి వెళ్ళింది. రోలర్ ఒక చుట్టు తిరిగింది. తడి నేల ఎండకి ఆవిరి కక్కుతోంది. మేస్త్రి అటుగా నడుస్తూ నడుస్తూ ఆగిపోయాడు. ఇంకో రెండు అడుగులు వేశాడు. పాడైన ఇంజనాయిలు. సన్నగా, చేదుగా, గొంతులోకి దిగే వాసన.

రోలర్ తోలేవాడు ఆయనకి స్వయానా బావమరిది, వాళ్ళావిడ తమ్ముడు. వాడు రోలర్ ఆపి పైనుంచి అరిచాడు.

"ఏంటి బావా, నేల మీద ఏమన్నా పారేసుకున్నావా? వంగి వెతుకుతున్నావు!"

"కిందికి దిగు."

"జేసీబీ వాడు కాచుకున్నాడు. పై పొర వేసెయ్యమంటావా లేదా?"

"దిగరా ముందు!"

మేస్త్రి గునపం తెచ్చి ట ఆరో గడిలో మోకాలి లోతు తవ్వాడు. పై నాలుగు వేళ్ళ మందం మామూలు మట్టి. దాని కింద గోధుమరంగు మీద నల్లటి చారలు, పట్టుకుంటే జిడ్డు. నీళ్ళలో వేస్తే పైన రంగురంగుల తెట్టు తేలింది. బావమరిది వంగి చూసి నాలిక కరుచుకున్నాడు.

"నా రోలర్ కారిందేమో బావా? మొన్న కూడా కింద మరక పడింది."

"రోలర్ కారితే పైన ఉండాలి. ఇది కింద ఉంది."

"మరి గేటు దగ్గర నువ్వు..." అని వాడు సగంలో ఆగాడు. బావ మొహం చూశాడు. అక్క ఫోన్లో చెప్పిన మాడిన పాల సంగతి గుర్తొచ్చింది. వాడు మొరటువాడే గానీ మొద్దు కాదు.

"ఎన్ని రోజులు?" అన్నాడు మెల్లగా.

"మూడు."

"అమ్మో!"

అవతల జేసీబీ ఇంజను గురగురమంటోంది. పై పొర మట్టి కుప్పలుగా సిద్ధంగా ఉంది. గంటన్నరలో పరిచేస్తే ఇక ఎవరికీ కనిపించదు, వాసన కూడా పైకి రాదు.

బావమరిది గొంతు తగ్గించాడు. "ఒక పని చెయ్యి బావా. నా రోలరే కారిందని చెప్పు. రెండు తిట్లు తింటాను, నాకేం కొత్త కాదు. ఈ ఒక్క గడీ పైపైన గీకించేద్దాం. నీ మాట నిలబడుతుంది."

"మిగతా గళ్ళో?"

"ఉంటే ఉంటుంది. జానెడు లోతులో ఉన్నది ఎవరు చూడొచ్చారు? మీద ఇంకా రెండు పొరలు పడతాయి కదా!"

వాడు చెప్పింది వినబుద్ధయ్యే మాటే. ముప్పై ఏళ్ళలో ఆయన సంపాదించుకున్నది ఇల్లూ కాదు, పొలమూ కాదు. గేటు దగ్గర "పోనీ" అంటే పోవడం, "వెనక్కి" అంటే తిరగడం, అంతే. ఇవాళ నోరు విప్పితే ఆ మాటకి విలువ ఉండదు. రేపు మంచె ఎక్కి తల ఊపితే హారన్ లాంటివాడు కూడా పక్కవాడికి కన్ను గీటుతాడు.

ట వరస చివర మేకుకి ప్లాను కాగితం ప్లాస్టిక్ కవర్లో కట్టి వేలాడదీశారు. మేస్త్రికి చదువు పెద్దగా రాదు. కానీ బొమ్మ తెలుసు. చిన్న ఉయ్యాల, జారుడుబల్ల, ఇసుక గుంట. ట వరసంతా పసిపిల్లల బడి ముంగిలి. అక్కడ సిమెంటు వెయ్యరు, ఇసుకా గడ్డీ వేస్తారు. పిల్లలు తవ్వుతారు. తవ్వడమే కాదు, మట్టి నోట్లో కూడా పెట్టుకుంటారు. తన మనవరాలు పూలకుండీలో మట్టి తిని మూతి తుడుచుకున్న పిల్ల.

"జేసీబీ ఆపమను" అన్నాడు మేస్త్రి.

"బావా, ఇంకోసారి ఆలోచించుకో."

"ఆపమను. నీ రోలర్ మీద నేనేం చెప్పను. అది తిట్లు తిన్నా ఇది శుభ్రం కాదు."

*

ఇంజనీరమ్మ రేకుల షెడ్డులో కూర్చుని చీటీలు సర్దుతోంది. మేస్త్రి టోపీ తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"రండి మేస్త్రిగారూ. జేసీబీ ఆగిందేంటి?"

"నేనే ఆపించానమ్మా. ట వరసలో నూనె మట్టి పడింది. నా చేతుల మీదుగానే లోపలికొచ్చింది."

ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"సోమవారం నుంచి నాకు వాసన తెలియట్లేదు. జలుబు. మీకు చెప్పలేదు. వాసన చూసినట్టు నటించాను."

"మూడు రోజులూ?"

"మూడు రోజులూ. మంగళవారం తుడుపు బండిని తిప్పి పంపాను కదా, అది కూడా అబద్ధం. దాంట్లో ఏమీ లేదు. ఎవరికీ అనుమానం రాకూడదని పంపాను."

ఇంజనీరమ్మ తిడుతుందని మేస్త్రి ఎదురుచూశాడు. తిడితే బాగుండుననిపించింది. ఆవిడ లేచి గోడ మీద గళ్ళ పటం దగ్గరికి వెళ్ళి, ఎర్ర పెన్సిలు తీసింది.

"చీటీలు చదువుతాను. ఏ లోడు ఏ గడిలో పడిందో మీరు చెప్పండి. తుడుపు బండి సంగతి తరవాత."

"అది ముందు తేల్చాలమ్మా" అన్నాడు మేస్త్రి. "డీజిల్ మట్టి తెచ్చాడని వాళ్ళ యజమాని దగ్గర మాట పడి ఉంటుంది."

ఆవిడ ఆయన వంక చూసింది. ఫోను తీసి నంబరు కలిపి చేతికిచ్చింది. మేస్త్రి ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అయ్యా, నేను గేటు మేస్త్రిని. మంగళవారం మీ బండి తిప్పి పంపాను. తప్పు నాది. మట్టి మంచిదే... కాదండీ, పొరపాటు కాదు, అబద్ధం. మీ డ్రైవరు తప్పేమీ లేదు... అక్కడే ఉన్నాడా? ఒకసారి ఇవ్వండి."

అవతల తుడుపు గొంతు వచ్చింది. మేస్త్రి మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు.

"రెండు రోజులు నన్ను బండి మీంచి దింపేశారు మేస్త్రిగారూ" అన్నాడు తుడుపు. "మా ఇంట్లో వాళ్ళు కూడా, కాస్త చూసుకుని ఎక్కించుకోలేవా అన్నారు. నేనే నిజంగా వాసన పట్టలేకపోయానేమో అనుకున్నాను."

"లేదయ్యా. నువ్వు సరిగ్గానే చూశావు."

"సరే" అన్నాడు తుడుపు. పర్లేదు అనలేదు. ఫోను పెట్టేశాడు.

మధ్యాహ్నం దాకా చీటీలు చూశారు. ఆవిడ చదివింది, ఆయన చెప్పాడు. మేస్త్రికి అక్షరాలు తక్కువైనా ఏ బండి ఎక్కడ పోసిందీ కళ్ళకి కట్టినట్టు గుర్తుంది. చీటీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అన్నీ పరీక్ష చేసిన గోతుల నుంచే. మరి నూనె ఎక్కణ్ణుంచి వచ్చింది?

అందులో ఒక గొయ్యి వాళ్ళకి ఇంజనీరమ్మ ఫోను చేసి అడిగితే సంగతి బయటపడింది. వాళ్ళెవరూ మోసం చెయ్యలేదు. సెల్లార్ గోతిని పోయిన ఆదివారం పడమటి వైపు పది అడుగులు వెడల్పు చేశారు. ఆ పడమటి పక్కన ఒకప్పుడు లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. ఏళ్ళ తరబడి నేలలోకి ఇంకిన నూనె అది. గొయ్యి పక్కకి జరిగింది, చీటీ మీద గొయ్యి పేరు మాత్రం జరగలేదు. వాళ్ళ తవ్వేవాడికి అది మట్టి, వీళ్ళ చీటీకి అది పాత గొయ్యి. ఆ తేడా పట్టుకోవాల్సింది గేటు దగ్గర ముక్కొక్కటే.

సాయంత్రం పెద్ద ఆఫీసు నుంచి మేనేజరు వచ్చాడు. నూనె మట్టి గుంట చూశాడు, మేస్త్రిని చూశాడు.

"ఈయన్ని ఇంకా గేటు దగ్గరే ఉంచుతారా?" అన్నాడు.

"ప్రస్తుతానికి లేదు సార్" అంది ఇంజనీరమ్మ. "గేటు మూసేశాను. ట వరస తేలేదాకా కొత్త లోడు తీసుకోవట్లేదు."

"తేలాక?"

"తేలాక చూద్దాం."

ఆవిడ వెనకేసుకు రాలేదు, వదిలించుకోనూ లేదు. మేస్త్రికి ఆ "చూద్దాం" రెండువైపులా పదునున్న కత్తిలా తోచింది.

*

మర్నాడు పదమూడు గళ్ళలో, గడికి మూడు చొప్పున, ముప్పై తొమ్మిది గుంటలు తీశారు. మేస్త్రీ, బావమరిదీ, ఇంకో ఇద్దరూ. ప్రతి గుంట నుంచీ గుప్పెడు తీసి మేస్త్రి వాసన చూశాడు. ఇప్పుడు లెక్కపెట్టలేదు, నిజంగానే పీల్చాడు. ఆయన చెప్పిన దాని ప్రకారం నాలుగు గళ్ళు చెడ్డవి. ఇంజనీరమ్మ ఆ నాలుగింటి పక్కన ముక్కు బొమ్మ గీసుకుంది. ఆ బొమ్మ చూసి బావమరిది కిసుక్కుమన్నాడు. మేస్త్రికి కూడా నవ్వొచ్చింది, ఆ సోమవారం తరవాత మొదటిసారి.

మధ్యాహ్నం మీటర్ వచ్చింది. సబ్బుపెట్టెంత ఉంది, ముందు చిన్న గొట్టం. ఒక్కో గుంట మట్టి నింపి కట్టిన సంచి మూతి కాస్త తెరిచి గొట్టం పెడితే అంకె పడుతుంది. నాలుగు గళ్ళూ చెడ్డవే అని మీటర్ కూడా చెప్పింది. బావమరిది ఎగిరి గంతేశాడు.

"చూశారా అమ్మా, మా బావ ముక్కు! మీటర్ కన్నా ముందే చెప్పింది!"

"ఆగండి" అంది ఇంజనీరమ్మ. "ఇంకా ఉన్నాయి."

ట పదకొండో గడి సంచి దగ్గర అంకె పైకి పోయింది. మేస్త్రి బాగుందన్న గడి అది. ఆవిడ గొట్టం తీసి, గాలిలో కాసేపు పట్టుకుని, మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే అంకె.

మేస్త్రి సంచి తీసుకుని రెండు ఊపిర్లు పీల్చాడు. మూడోది పీల్చాడు. ఏమీ లేదు. మంచి మట్టి వాసన, అంతే.

"జలుబు ఇంకా పూర్తిగా పోలేదేమో బావా" అన్నాడు బావమరిది ఆదుకోవడానికి.

"పోయింది" అన్నాడు మేస్త్రి. "నిన్నే పోయింది. ఇది నాకు తెలియట్లేదు."

సంచి మూతి కట్టి ఆవిడ చేతికిచ్చాడు. "నాలుగు కాదమ్మా, అయిదు."

అయిదు గళ్ళ మట్టీ, దాని కింద ఇంకో బెత్తెడు మందం కూడా తీసేశారు. ఆ మట్టిని పాడైన మట్టి పోసే చోటికే పంపారు, తిన్నగా, మీద పట్టా కప్పి. ఎత్తినంత సేపూ మేస్త్రి పార పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. జేసీబీ అందుకోలేని మూలలు తనే గీకాడు. ఎనిమిది రోజులు పట్టింది. ఇంటికెళ్ళి స్నానం చేసినా గోళ్ళలో ఆ నూనె వాసన పోయేది కాదు. వాళ్ళావిడ మాత్రం "ఇప్పుడైనా వాసన వస్తోందా?" అని పొద్దుటి కాఫీ గ్లాసు ముక్కు కింద పెట్టి మరీ అడిగేది.

తొమ్మిదో రోజు ఇంజనీరమ్మ షెడ్డులోకి పిలిచింది.

"మేనేజరుగారితో మాట్లాడాను. గేటు దగ్గర మీరు ఉంటారు. మీరొక్కరే కాదు. మీటర్ కూడా ఉంటుంది, దాన్ని పట్టుకోవడానికి ఇంకో మనిషి. ఏ గొయ్యి వెడల్పు చేసినా ముందు మనకి చెప్పాలని అందరికీ కాగితం పంపాను. మీరు తెలియట్లేదంటే బండి ఆగాలి, మీటర్ తెలియట్లేదంటే కూడా ఆగాలి. ఒప్పుకుంటారా?"

"నన్ను తీసేస్తారనుకున్నానమ్మా."

"తీసేద్దామనే అనుకున్నాను" అంది ఆవిడ. "కానీ మీ బదులు వచ్చేవాడికి జలుబు చేస్తే వాడు నాకు చెప్తాడో లేదో నాకేం తెలుసు?"

మేస్త్రి టోపీ పెట్టుకున్నాడు.

గేటు తెరిచిన రోజు వరస బాగా పెద్దదయింది. సంగతి అందరికీ తెలిసిపోయింది. మొదటి బండి హారన్‌ది. వాడు కిటికీలోంచి తల పెట్టాడు.

"ఏం మేస్త్రీ, ఇవాళ ముక్కు డ్యూటీకి వచ్చిందా, సెలవా?"

వరసంతా నవ్వింది. మేస్త్రి వాళ్ళని ఆపలేదు. మెట్లెక్కి చెయ్యి దూర్చాడు, పేనాడు, రెండు ఊపిర్లు పీల్చాడు. మూడోది కూడా పీల్చాడు. ఏదో ఉన్నట్టుంది, లేనట్టుంది. తడి వేరు వాసన కావచ్చు. ఇంకేదైనా కావచ్చు. వెనక పదకొండు బళ్ళున్నాయి. ఎండ అప్పుడే నెత్తికెక్కుతోంది.

"నాకు తేలట్లేదు" అన్నాడు పైకి, అందరికీ వినపడేలా. "బండి పక్కకి పెట్టు. మీటర్ పట్టుకు రండి."

"అయ్యో మేస్త్రీ, సరదాకి అన్నాను! పొద్దున్నే నా బండా?"

"నేను సరదాకి అనట్లేదురా. పక్కకి పెట్టు."

హారన్ గొణుక్కుంటూ బండి పక్కకి తీశాడు. వెనకది ముందుకొచ్చింది. మేస్త్రి మెట్లు దిగి, చేతులు కడుక్కుని, మళ్ళీ ఎక్కాడు.